ఆటగాడు, జాతీయగీతము

ఆటలోనికి రాజకీయములు రారాదని పెద్దలు తరచు చెప్పుచుందురు. మాట వినుటకు బాగుగనే ఉన్నది. కాని అంతర్జాతీయ ఫుట్‌బాలు పోటీ ఏ విధముగా ప్రారంభమగునో ఒకమారు గమనింపవలెను. రెండు జట్లు వరుసలు కట్టి మైదానములోనికి వచ్చును. బంతి ఇంకను కదలకమునుపే రెండు దేశముల జెండాలు వచ్చును. రెండు దేశముల గీతములు ఒకదాని వెంట ఒకటి వినిపించును. ఆటగాండ్రు నిటారుగా నిలువబడి వానిని ఆలకింతురు. అటు తరువాతనే రిఫరీ ఈల. అనగా మైదానములో మొదట అడుగు పెట్టునది రాజ్యము. దాని వెనుక వచ్చువాడు ఆటగాడు. అట్టి చోట ఆటగాడు ఒక్కడు మాత్రము రాజ్యమును గూర్చి తలపరాదనుట ఎట్లు పొసగును?

ఈ ప్రశ్న దూరదేశముల వారికి మాత్రమే సంబంధించినది కాదు. హైదరాబాదు నగరమునకు వాయవ్యమున ఒకనాడు పల్లెగా ఉండిన మియాపూరు నేడు మెట్రో రైలు మార్గమునకు ఒక కొన. 2017 నవంబరు 28న ఆ రైలుకు ప్రారంభోత్సవము జరిగినది అక్కడనే. అచ్చటినుండి హఫీజుపేట, కొండాపురముల మీదుగా పోయినచో గచ్చిబౌలిలో లోకసభ స్పీకరుగా ఉండి 2002లో మరణించిన జి. ఎం. సి. బాలయోగి పేరు పెట్టిన క్రీడాంగణము కనబడును. చుట్టును కంప్యూటరు కంపెనీల అద్దాల మేడలు. 2024 సెప్టెంబరు 3న ఆ మైదానములో భారత జట్టు మారిషసుతో ఆడినది. 9న సిరియాతో ఆడి 3–0 తేడాతో ఓడినది. నవంబరు 18న మలేషియాతో 1–1గా ముగించినది. మూడు మారులును బంతికి ముందు గీతములే. ఆ ప్రాంతపు పాఠశాలల పిల్లలకు అంతర్జాతీయ ఫుట్‌బాలు పొరుగింటి ముచ్చట అయినది. కనుక ఆ గీతము వినిపించు కొద్ది క్షణములలో ఆటగాడు ఏమి చేయును, ఏమి చేయవచ్చును, ఏమి చేయరాదు అను విషయమును మన ఉపాధ్యాయులును విద్యార్థులును ఆలోచింపదగియున్నది. ఆ ఆలోచనకు హైదరాబాదు చరిత్రలోనే కావలసినంత సామగ్రి కలదు.

బడిపంతులు రహీం

స్వతంత్ర భారతదేశమున ఫుట్‌బాలు ఉచ్చస్థితికి వచ్చిన కాలమున దానిని తీర్చిదిద్దినవాడు హైదరాబాదు బడిపంతులు ఒకడు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో జన్మించినాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, నగరమునందలి పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేసినాడు. కాచిగూడ, చాదర్‌ఘాటు బడులలో పాఠము చెప్పిన ఆ చేతులే 1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టును నడిపినవి. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయిలోని రోవర్స్ కప్పును గెలిచినది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో భారత జట్టు ఇరానును ఓడించి స్వర్ణపతకము పొందినపుడు శిక్షకుడు ఆయనయే. 1956లో మెల్బోర్ను ఒలింపిక్సులో భారత జట్టు నాలుగవ స్థానమున నిలిచినపుడును ఆయనయే.

ఆయన శిక్షణలో పంతులు పోకడ స్పష్టముగా కనబడును. కుడికాలితో నేర్పు గడించినవాడు ఎడమకాలిని మరచిపోవును గదా! అందుచేత కుర్రవాండ్రకు బలహీనమైన కాలితో మాత్రమే బంతి తన్నవలెనను నియమముతో పోటీలు పెట్టించినాడు. బంతిని ఒక్కడే తన కాలిదగ్గర ఆడించుకొనుచు పోరాదు, తోడివానికి అందించితీరవలెను అను నియమముతో మరికొన్ని పోటీలు జరిపించినాడు. మొదటిది మనిషి తనలోని లోపమును దిద్దుకొనుట నేర్పును. రెండవది ఇతరులతో కలసి మెలగుట నేర్పును. మంచి తరగతిగదిలో జరుగు పని అంతకన్న వేరు కాదు.

ఇంకొక సంగతియు గుర్తుంచుకొనదగినది. హైదరాబాదు సంస్థానము భారత యూనియనులో కలసినది 1948 సెప్టెంబరులో. అంతకు ముందు ఆ సంస్థానమునకు నిజామును కీర్తించు గీతము వేరుగా ఉండినది. మూడేండ్లు నిండకమునుపే ఆ నగరపు ఉపాధ్యాయుడు ఢిల్లీలో భారత జట్టు శిక్షకుడుగా నిలుచుండి, తన శిష్యుల విజయమునకు "జనగణమన" వినినాడు. గీతములు మారవచ్చును, జెండాలు మారవచ్చును. నేలను ప్రేమించువాడు ఆ మార్పును తన పనిలో చూపించునే కాని ప్రకటనలలో కాదు.

జకార్తాలో 1962

రహీం జీవితమున కడపటి ఘనకార్యము రాజకీయపు తుపాను నడుమ జరిగినది. 1962 ఆగస్టు 24 నుండి సెప్టెంబరు 4 వరకు ఇండొనీషియా రాజధాని జకార్తాలో నాలుగవ ఆసియా క్రీడలు నడచినవి. అధ్యక్షుడు సుకర్ణో ప్రభుత్వము ఇజ్రాయేలు, తైవాను జట్లకు ప్రవేశము కల్పించలేదు. సభ్యదేశములన్నిటిని ఆహ్వానింపవలెనన్నది పోటీల నియమము. ఆసియా క్రీడల స్థాపనకు మూలపురుషులలో ఒకడైన భారతీయుడు గురుదత్ సోంధి దీనిని ఆక్షేపించినాడు. ఇద్దరిని వెలివేసి నడుపు పోటీలకు ఆసియా క్రీడలను పేరు తగదని వాదించినాడు. ఇండొనీషియాలో ఆగ్రహము చెలరేగినది. పోటీల చివరి దినములలో గుంపులు భారత రాయబార కార్యాలయముపై దాడి చేసినవి. సోంధి ఆ దేశమును విడిచిపోవలసివచ్చినది.

సోంధి చెప్పినది న్యాయమే. తరువాతి సంవత్సరము ఫిబ్రవరిలో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము ఇండొనీషియాను సస్పెండు చేసినది. సుకర్ణో దానికి బదులుగా 1963 నవంబరులో జకార్తాలోనే వేరొక క్రీడోత్సవము జరిపించినాడు. కాని న్యాయము మాటలాడినవాడు సోంధి, దాని వెల చెల్లించినవారు మైదానములో దిగవలసిన కుర్రవాండ్రు. వారిని ఎవ్వరును ఏమియు అడుగలేదు. బస్సుపై భారతదేశపు గుర్తు కనబడకుండ ప్రయాణము చేసితిమనియు, తలపాగాచే గుర్తింపబడకుండుటకై జర్నైల్ సింగు బస్సులో కిందుగా కూర్చుండవలసివచ్చినదనియు ఆ జట్టువారు పిమ్మట చెప్పుకొన్నారు.

ఆ జట్టు స్థితి మొదటినుండియు అంతంతమాత్రమే. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడినది. తరువాత థాయిలాండును 4–1తోను, జపానును 2–0తోను ఓడించినది. థాయిలాండుతో ఆడినపుడు వెనుకవరుసకు ఆధారమైన జర్నైలుకు తల పగిలి కుట్లు పడినవి. రహీం ఆతనిని ఇంటికి పంపలేదు. వెనుకనుండి తీసి ముందువరుసలో నిలిపినాడు. కుట్లతోనే జర్నైలు సెమీఫైనలులో గోలు చేసినాడు. దక్షిణ వియత్నామును 3–2తో గెలిచి భారత జట్టు ఫైనలు చేరినది. ప్రత్యర్థి మరల దక్షిణ కొరియాయే.

ఫైనలు ముందటి రాత్రి రహీం తన శిష్యులను చేరదీసి, రేపు మీరందరు కలసి నాకొక కానుక ఈయవలెను, ఆ కానుక బంగారు పతకము అని కోరినాడట. ఊపిరితిత్తులలో పుట్టిన పుండు ఆయనను లోలోపల తినుచుండిన కాలమది.

సెప్టెంబరు 4న సెనయాను మైదానములో దాదాపు లక్షమంది జనము. భారత జాతీయగీతము మొదలుకాగానే ఆ జనము కేకలతో, ఈలలతో దానిని ముంచివేసినది. పదునొకండుగురు ఆటగాండ్రు కదలక మెదలక నిలువబడినారు. ఆ వరుసలో హైదరాబాదుతో సంబంధము గలవారు ముగ్గురు. సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం, హైదరాబాదులో జన్మించిన గోల్‌కీపరు పీటర్ తంగరాజు, సిటీ పోలీసు జట్టుకు చెందిన యూసుఫ్ ఖాను. అటు పంజాబు సిక్కు జర్నైలు, ఇటు బెంగాలీ నాయకుడు చునీ గోస్వామి. గీతమును వినిపింపనీయలేదు గాని, ఆ గీతము ఏ ప్రజలను గూర్చి చెప్పుచున్నదో ఆ ప్రజలు మైదానములో నిలువబడియే ఉన్నారు.

పదునేడవ నిమిషమున పి. కె. బెనర్జీ మొదటి గోలు చేసినాడు. మరి మూడు నిమిషములకే జర్నైలు రెండవది చేసినాడు. కడపట కొరియా ఒక గోలు తీర్చుకొన్నను భారత జట్టు 2–1తో గెలిచినది. లక్ష గొంతుల నడుమ ఆనాడు భారతదేశము పక్షమున చప్పట్లు చరచినవారు పాకిస్తాను హాకీ ఆటగాండ్రని ఆ జట్టువారు తుదివరకు చెప్పుకొనుచుండిరి. ఆ హాకీ జట్టే ఆ పోటీలలో భారతమును ఓడించి స్వర్ణము తీసుకొన్నది. ఆటలో ఓడించుట వేరు, అవమానించుట వేరు అని ఎరిగినవారు వారు.

రహీం 1963 జూన్ 11న కన్నుమూసినాడు. ఆసియా క్రీడలలో ఫుట్‌బాలు స్వర్ణము మరల భారతమునకు లభింపలేదు. ఆరు దశాబ్దముల పిమ్మట, 2024లో, ఆయన జీవితముపై "మైదాన్" అను హిందీ చలనచిత్రము వచ్చినది. అప్పటికి బెనర్జీయు, గోస్వామియు, బలరామును గతించినారు.

అవమానము, నిరసన

జకార్తా జనము తాము చేసినది నిరసన అని భావించియుండవచ్చును. వారి దేశమును ఒక భారతీయుడు వేలెత్తి చూపినాడు గనుక వారికి కోపము వచ్చుట సహజము. కాని వారి ఈలకు గురియైనవారు సోంధి కాదు, భారత ప్రభుత్వము కాదు. బంతి తన్నుటకు వచ్చిన యువకులు. పైగా లక్షమంది నడుమ ఈల వేసినవానిని గుర్తించువారెవరు? వానికి కలిగిన నష్టమేమి? తనకు ఏ నష్టమును లేక, నేరము చేయనివానిపై, పరుల గీతము మీద చూపు కోపమును నిరసన అనుట ఆ మాటను చులకన చేయుటయే.

దీనికి సరిగా ఎదురుగా నిలుచు ఉదాహరణము 2022 నవంబరు 21న కతారు దేశమున కనబడినది. ఆ సెప్టెంబరులో మహ్సా అమీని అను యువతి ఇరాను పోలీసుల నిర్బంధములో ఉండగా మరణించినది. తల ముసుగు సరిగా ధరింపలేదని ఆమెను పట్టుకొనిరి. దేశమంతట స్త్రీలు, విద్యార్థులు వీధులకెక్కినారు. వందలమంది ప్రాణములు పోయినవి. అట్టి సమయమున ప్రపంచ కప్పు పోటీలో ఇంగ్లండుతో ఆడుటకు ఇరాను జట్టు నిలిచినది. తమ దేశపు గీతము మొదలైనది. పదునొకండుగురిలో ఒక్కరును పెదవి కదుపలేదు. చేయి ఎత్తలేదు, వెనుదిరుగలేదు, జెండాను తాకలేదు. భుజము భుజము ఆనించి ఊరక నిలిచినారు. ఆనాడు వారు 6–2తో ఓడిపోయినారు.

నాలుగు దినముల తరువాత వేల్సుతో ఆడినపుడు వారు గీతమును మెల్లగా పాడినారు. ఆ రెండు ఆటల నడుమ ఇరానులో జాతీయ జట్టు మాజీ ఆటగాడు వూరియా గఫూరీని అరెస్టు చేసినారు. వేల్సును వారు 2–0తో గెలిచినారు. మొదటిదినపు మౌనమును మెచ్చినవారిలో కొందరు రెండవదినపు పాటను నిందించినారు. అట్లు నిందించుట తేలిక. ఇంటిదగ్గర తల్లిదండ్రులు, అన్నదమ్ములు గలవాని పెదవులు ఎందుకు కదలినవో దూరమున కూర్చున్నవారు తీర్పు చెప్పరాదు. ఆ మెల్లని పాట ఆ మౌనమునకు గల వెల ఎంతటిదో లోకమునకు తెలిపినది.

పాడుమని నిర్బంధించుటలో గల లోపము ఇక్కడనే ఉన్నది. 1938 మే 14న బెర్లినులో జర్మనీతో ఆడుటకు పోయిన ఇంగ్లండు జట్టుచేత, జర్మను గీతము వినిపించు వేళ, నాజీ పద్ధతిలో చేయి చాచి వందనము చేయించినారు. బ్రిటిషు రాయబారియు, వారి ఫుట్‌బాలు సంఘమువారును మర్యాద పేరిట కోరిన కోరిక అది. ఆటగాండ్రకు ఇష్టము లేదు, అయినను చేసినారు. ఆట 6–3తో గెలిచినారు. నేడు ఆ ఆరు గోలులు తలచువారు తక్కువ. ఆ చాచిన చేతుల ఛాయాచిత్రము మాత్రము మాసిపోలేదు. ఇష్టము లేని వందనము చేయించుకొన్నవారికి గౌరవము కాలేదు. చేసినవారికి మచ్చగా మిగిలినది.

దేశము పుట్టకమునుపే పాడిన పాట

గీతమును పాడకుండుట ఒక నిరసన అయినట్లే, పాడుటయు నిరసన కావచ్చును. 1958 ఏప్రిలులో ఫ్రాన్సులోని పెద్ద జట్లలో ఆడుచుండిన అల్జీరియా యువకులు కొందరు రహస్యముగా సరిహద్దులు దాటి ట్యునీసియా రాజధాని ట్యూనిసు చేరినారు. అప్పుడు అల్జీరియా ఫ్రెంచివారి ఏలుబడిలో స్వాతంత్ర్యయుద్ధము సాగించుచున్నది. ఆ యువకులలో ముస్తఫా జితూనీ, రషీద్ మెఖ్‌లూఫీ అనువారు కొద్ది నెలలలో జరుగనున్న ప్రపంచ కప్పుకు ఫ్రెంచి జట్టులో చోటు దొరుకగలవారు. మెఖ్‌లూఫీ వయస్సు ఇరువదియొకటి. ఫ్రెంచి సైన్యమున నిర్బంధసేవలో ఉన్నాడు గనుక ఆతడు పోవుట సైనికనేరము కూడను.

కీర్తి, ధనము, ప్రపంచ కప్పు – మూటిని విడిచి వచ్చిన వారు ఇంకను పుట్టని దేశమునకు జట్టుగా ఏర్పడినారు. ప్రపంచ ఫుట్‌బాలు సంఘము వారిని గుర్తింపలేదు. అయినను నాలుగేండ్లు తూర్పు ఐరోపాలో, ఆసియాలో, అరబ్బు దేశములలో తిరిగి ఆడినారు. ఆడిన చోటనెల్ల అల్జీరియా జెండా ఎగురవేయింపజూచినారు. అల్జీరియా గీతము వినిపింపజూచినారు. 1962 జూలైలో అల్జీరియా స్వతంత్రమైనది. మెఖ్‌లూఫీ ఫ్రాన్సుకు మరలి తన పాత జట్టులోనే ఆడినాడు. 1968లో ఫ్రెంచి కప్పు ఫైనలులో తన జట్టు రెండు గోలులును తానే చేసి, ఆ కప్పును అధ్యక్షుడు డిగాల్ చేతులమీదుగా అందుకొన్నాడు. తన దేశపు గీతమును కోరుటకు పరదేశపు గీతమును దూషింపనక్కరలేదని ఆతని జీవితము చెప్పుచున్నది.

ఆ 1968లోనే అక్టోబరు 16న మెక్సికో ఒలింపిక్సులో అమెరికా నీగ్రోజాతికి చెందిన టామీ స్మిత్, జాన్ కార్లోస్ అను పరుగుపందెగాండ్రు తమ గీతము వినిపించు వేళ తల వంచి, నల్లని తొడుగు తొడిగిన పిడికిలి ఎత్తినారు. వెంటనే వారిని జట్టునుండి తొలగించి పంపివేసినారు. నేడు వారికి విగ్రహములున్నవి. ఒలింపిక్ నియమావళియు, ఫుట్‌బాలు నియమములును రాజకీయ ప్రదర్శనలను నేటికిని నిషేధించుచున్నవి. ఆ నియమములకును అర్థము లేకపోలేదు. ప్రతి ఆటయు ఒక సభ అయినచో ఆట మిగులదు. అందుచేతనే నియమమును మీరువాడు శిక్షకు సిద్ధపడి మీరవలెను. శిక్ష వద్దు, కీర్తి మాత్రము కావలెననువానికి ఆ గౌరవము లేదు.

గచ్చిబౌలికి వచ్చిన సిరియావారి సంగతియు ఇందుకు చేరును. 2024 సెప్టెంబరులో వారు ఏ జెండా కింద నిలిచి కప్పు గెలుచుకొనిపోయినారో ఆ జెండా మూడు నెలలు తిరుగకమునుపే దిగిపోయినది. డిసెంబరు 8న అసదు ప్రభుత్వము కూలినది. జెండా రంగులు మారినవి. జట్టు ఎర్రచొక్కా ఆకుపచ్చ అయినది. అంతకు పండ్రెండేండ్ల కిందట ఆ దేశపు మేటి ఆటగాడు ఫిరాస్ అల్ ఖతీబు, ప్రభుత్వము తన ప్రజలపై బాంబులు వేయుచున్నంతవరకు జాతీయజట్టులో ఆడనని ప్రకటించి తొలగినాడు. 2017లో మరల చేరినాడు. వెళ్లినపుడు ఒక పక్షమువారు, వచ్చినపుడు మరియొక పక్షమువారు ఆతనిని ద్రోహి అన్నారు. ఏలువారు వేరు, దేశము వేరు అను సామాన్యసత్యము కొందరి బ్రతుకులలో ఎంతటి చిక్కుముడి అగునో ఆతని కథ తెలుపును.

హైదరాబాదు పాఠము, కేరళ పాఠము

ఈ చిక్కుముడిని హైదరాబాదు విద్యార్థులు ఫుట్‌బాలు లేకుండగనే ఎరుగుదురు. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు వసతిగృహములలో విద్యార్థులు "వందేమాతరం" పాడుచుండగా అధికారులు నిషేధించినారు. మానని విద్యార్థులను వెళ్లగొట్టినారు. పెక్కుమంది నాగపూరు పోయి అక్కడ చదువు సాగించినారు. ఆ ఉద్యమమున పాల్గొని సంస్థానములో చదువు కోల్పోయినవారిలో పి. వి. నరసింహారావు ఒకరు, ఆయన తరువాత భారత ప్రధాని అయినారు. ఆ పాటను చెరసాలలో కొరడాదెబ్బలు తినుచును మానని వావిలాల రామచంద్రరావుకు "వందేమాతరం" ఇంటిపేరువలె స్థిరపడినది. ఆనాడు పాడుట తిరుగుబాటు, మౌనము విధేయత.

నలువది ఏడేండ్లకు, 1985లో, కేరళ పాఠశాల ఒకదానిలో దీనికి తలక్రిందులైన సంగతి జరిగినది. యెహోవా సాక్షుల మతమునకు చెందిన ముగ్గురు తోబుట్టువులు ప్రతిదినము జాతీయగీతము వేళ అందరితోపాటు లేచి నిలుచుచుండిరి. కాని తమ విశ్వాసమును బట్టి పాడకుండిరి. వారిని బడినుండి తొలగించినారు. వ్యాజ్యము సుప్రీంకోర్టుకు పోయినది. 1986 ఆగస్టు 11న న్యాయస్థానము ఆ పిల్లలను మరల చేర్చుకొనుమని తీర్పు చెప్పినది. గౌరవముతో నిలుచున్నవాడు పాడకపోయినంతమాత్రమున గీతమును అవమానించినట్లు కాదనియు, పాడితీరవలెనని నిర్బంధించు చట్టము లేదనియు నిర్ణయించినది. 1971 చట్టము శిక్షించునది ఇతరులను పాడనీయక అడ్డగించువానిని, పాడుచున్నవారి సభను భంగపరచువానిని. ఆ తీర్పు వ్రాసినవాడు తెలుగువాడు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి సుప్రీంకోర్టుకు పోయిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి.

ఈ రెండు కథలను పక్కపక్కన పెట్టి చూడవలెను. ఉస్మానియాలో పాడినందుకు శిక్ష. కేరళలో పాడనందుకు శిక్ష. శిక్షించిన రెండు చోట్లను పెద్దలు ఒకే పొరపాటు చేసినారు. గొంతును ఆజ్ఞతో తెరువవచ్చుననియు, ఆజ్ఞతో మూయవచ్చుననియు తలచినారు. స్వతంత్ర భారత న్యాయస్థానము ఆ పొరపాటును దిద్దినది. నిజాము కాలమున పాడినవానికి రక్షణ లేదు. గణతంత్రమున పాడనివానికిని రక్షణ ఉన్నది. ఈ భేదమే జాతీయగీతమునకు గౌరవము.

"జనగణమన" మొట్టమొదట 1911 డిసెంబరులో కలకత్తా కాంగ్రెసు సభలో పాడబడినది. ఆ గీతమునకు తెలుగునేలతో గల చుట్టరికము చాలమందికి తెలియదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు మదనపల్లెలోని బిసెంటు దివ్యజ్ఞాన కళాశాలలో బసచేసి, ఆ గీతమును అక్కడనే ఆంగ్లమునకు మార్చినాడు. కళాశాల ప్రధానాచార్యుని భార్య మార్గరెట్ కజిన్స్ దాని వరుసను స్వరపరచి వ్రాసినది. ఆమె ఐర్లండు స్త్రీ. స్త్రీల ఓటుహక్కుకై పోరాడి తన దేశమున చెరసాలకు పోయినది. మన జాతీయగీతపు వరుసను కాగితముపై నిలిపిన చేయి నిరసన తెలిపిన చేయియే. దేశభక్తికిని నిరసనకును పుట్టుకతోనే పగ ఉన్నదనువారు ఈ సంగతిని తలపవలెను.

ఉపాధ్యాయుల పని

పాఠశాలలో పిల్లలు ప్రతిదినము గీతము పాడుదురు. ఏబది రెండు క్షణముల పని. సరిగా నిలుచుట, పదములు తప్పుపోకుండ పలుకుట నేర్పుట ఉపాధ్యాయుని ధర్మము; అందులో సందేహము లేదు. అయితే అక్కడితో ఆగినచో అది కవాతు మాత్రమే అగును. ఆ పదములలో పేర్కొన్న పంజాబు, ద్రావిడము, వంగము ఒక జట్టుగా జకార్తాలో నిలుచున్న కథను కూడ చెప్పవలెను. పరుల గీతము వినిపించునపుడు తన గీతమునకు వలెనే నిశ్శబ్దముగా నిలుచుట నేర్పవలెను. గచ్చిబౌలిలో మారిషసు గీతమునకును, మలేషియా గీతమునకును ఇచ్చు నిశ్శబ్దమే 1962 నాటి సెనయాను ఈలలకు తగిన ప్రత్యుత్తరము.

ఎవడైన ఆటగాడు ఎక్కడనో మౌనముగా నిలిచినాడని పత్రికలలో చదివినపుడు విద్యార్థి వెంటనే మెచ్చుకొనుటయో, వెంటనే తిట్టుటయో చేయక రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఆతడు పట్టినది తన గీతమునా, పరుల గీతమునా? దాని వెల చెల్లించువాడు ఆతడా, మరియొకడా? తన గీతము ఎదుట, తన వెలతో, ఎవ్వరిని దూషింపక నిలిచినవాని మాట ఒప్పయినను తప్పయినను వినదగినది. గుంపులో దాగి పరుల గీతముపై ఈల వేయువానిది ఎంతటి న్యాయమైన కోపమైనను వినదగినది కాదు.

బలహీనమైన కాలితో ఆడించిన రహీం పంతులు తన శిష్యులకు ఉపన్యాసములు చెప్పినట్లు కనబడదు. గీతమును లక్షమంది ముంచివేసిన దినమున వారు ఏమియు మాటలాడలేదు. గీతము ముగియువరకు నిలుచుండి, పిమ్మట తొంబది నిమిషములు ఆడినారు. పోటీ ముగిసిన తరువాత, విజేతల కొరకు, అదే మైదానములో "జనగణమన" మరల వినిపించినది.